నాన్న పడవ కొన్నారు, అమ్మ క్యాలెండర్ గీసింది

రిటైరయ్యాక ఏం చేస్తారని మన ఇళ్లలో పెద్దవాళ్లని అడిగి చూడండి. జవాబులు నాలుగే వస్తాయి. మనవలతో ఆడుకుంటాం. కాశీ వెళ్లొస్తాం. ఊళ్లో ఇల్లు బాగు చేయించుకుంటాం. 'ఇంకేముంది, విశ్రాంతే'.

మా నాన్న ఐదో జవాబు చెప్పారు. తెరచాప పడవ కొంటారట. దాని మీదే నెలల తరబడి ఉంటారట.

మేం ఉండేది అమెరికాలో, మేరీలాండ్‌లో. నాన్నది కాకినాడ. వైటూకే హడావిడి రోజుల్లో, 1997లో ఇక్కడికి వచ్చిన తెలుగు ప్రోగ్రామర్లలో ఆయనొకరు. అప్పటి నుంచి కీబోర్డు, స్క్రీను, ఆఫీసు, ఇల్లు. 2021లో గుండెకి ఒక స్టెంట్ పడింది. 2025లో 65 నిండాయి, ఉద్యోగం మానేశారు. ఈ దేశంలో 65కి ఓ అర్థం ఉంది. ఆ వయసుకి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వస్తుంది. ఉద్యోగం పోతే బీమా పోతుందన్న భయం పోయే వయసు అది. మెడికేర్ కార్డు చేతికి వచ్చిన వారమే ఆయన బోటు బడ్జెట్ షీట్ నాకు పంపారు.

ఈ పిచ్చి ఎక్కడిది?

నాన్న వాళ్ల తాతగారు కాకినాడ నుంచి రాజమండ్రికి కాలవ మీద గూటిపడవలో వెళ్లేవారట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాంతో వచ్చిన కాలవలు పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా పనికొచ్చాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగేవారు. పెళ్లివారూ, బియ్యం బస్తాలూ, అత్తారింటికి వెళ్లే కొత్తకోడళ్లూ అన్నీ అదే దారిన.

ఇంకా పెద్ద విషయం ఏంటంటే, ఆ రోజుల్లో కాకినాడలో పడవెక్కితే గోదావరి, కృష్ణా కాలవల మీదుగా వెళ్లి, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ పట్టుకుని మద్రాసు దాకా నీళ్ల మీదే చేరుకోవచ్చు. మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్కని 1877-78 కరువు రోజుల్లో కూలీలకి పని కల్పించడానికే తవ్వించారు. నాన్నకి ఇవన్నీ చిన్నప్పుడు అన్నంతో పాటు తినిపించిన కథలు. కాలవలు మిగిలాయి గానీ ఆయన పెద్దయ్యేసరికి పడవలు పోయాయి. బస్సులొచ్చాయి.

తర్వాత ఎప్పుడో ఆయనకి తెలిసింది, అమెరికా తూర్పు తీరంలోనూ అలాంటి దారి ఒకటి బతికే ఉందని. వర్జీనియాలోని నార్‌ఫోక్ నుంచి ఫ్లోరిడాలోని మయామీ దాకా దాదాపు 1,090 మైళ్లు. నదులు, కాలవలు, ఉప్పుటేర్లు కలిపిన లోపలి జలమార్గం. పెద్ద సముద్రంలోకి వెళ్లకుండానే చిన్న పడవలు దాని మీద వెళ్తాయి. అందులో 1805లో తెరిచిన ఒక కాలవ ఇప్పటికీ పనిచేస్తోంది. ఏటా చలికాలం ముందు ఎంతోమంది రిటైరైన భార్యాభర్తలు సొంత పడవల్లో ఆ దారిన దక్షిణానికి వలస పోతారు, పక్షుల్లాగే.

"అమ్మడూ, తాతగారి దారి ఇక్కడుందే" అన్నారు నాన్న. ఆ మాట విన్నాక వద్దని చెప్పడం నా వల్ల కాలేదు.

చెప్పగలిగింది అమ్మ.

అమ్మది ఉప్పాడ

ఉప్పాడ వాళ్లకి సముద్రం అంటే ఇన్‌స్టాగ్రామ్ రీల్ కాదు. ఏళ్ల తరబడి అది కాస్త కాస్తగా ఊరిని కోసుకుంటూ లోపలికి వస్తోంది. రాళ్లు వేస్తారు, రోడ్డు వేస్తారు, మళ్లీ తుఫాను వస్తుంది. అమ్మ పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. ఆ వీధే లేదు. అమ్మమ్మకి 84 ఏళ్లు, కాకినాడలో అద్దె ఇంట్లో ఓ పనమ్మాయి తోడుతో ఉంటోంది.

నాన్న ప్లాన్ ఇది. 38 నుంచి 40 అడుగుల పడవ. అక్టోబరులో బయల్దేరి దక్షిణానికి, అక్కడి నుంచి బహామాస్, మళ్లీ మే నెలలో వెనక్కి. ఎందుకు ఆ నెలలే అంటే, జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం. ఆ కాలంలో తుఫాను దారిలో పడవ ఉంచితే చాలా బీమా కంపెనీలు ఒప్పుకోవు. అటు చలికాలంలో మేరీలాండ్‌లో ఉండలేం, గడ్డకట్టే చలి. కాబట్టి దక్షిణానికి వెళ్లేవాళ్లందరూ చలికాలమే వెళ్తారు.

అమ్మ ప్లాన్ ఇంకోటి. ఇన్నేళ్లలో ఆమె ఊళ్లో సంక్రాంతి చేసుకున్నది రెండే రెండుసార్లు. నాన్న రిటైరయ్యాక నవంబర్ నుంచి మార్చి దాకా కాకినాడలో అమ్మమ్మ దగ్గర ఉండాలని పదేళ్ల నుంచి అనుకుంటోంది. పైకి చెప్పలేదు. అందరూ 'అమ్మకేం, నాన్న ఎక్కడుంటే అక్కడే' అనుకున్నారు.

ఇద్దరికీ కావాల్సింది అవే ఐదు నెలలు!

గొడవ పెద్దగా అరుపులతో జరగలేదు. మా ఇంట్లో గొడవలు గిన్నెల చప్పుడులో ఉంటాయి. మూడో రోజు రాత్రి అమ్మ ఒక్క మాట అంది. "ఏమండీ, మీ కల పెద్దదే. మా అమ్మ వయసు కూడా పెద్దదే."

నాన్న ఏమీ అనలేదు. కానీ బోట్లు చూడటం ఆపలేదు.

కుండ కొట్టి చూసినట్టు

2024 చివర్లోనే మేం బోట్లు చూడటం మొదలుపెట్టాం. నేను వెంట వెళ్లేదాన్ని. మీలో ఎవరికైనా ఎప్పుడైనా ఈ సరదా పుడితే పనికొస్తుందని కొంచెం వివరంగా చెప్తాను.

పాత ఫైబర్‌గ్లాస్ పడవలు చాలా చౌక. 1980ల్లో కట్టినవి ఇప్పటికీ తేలుతూనే ఉన్నాయి. ఫైబర్‌గ్లాస్ కుళ్లదు. కుళ్లేది దాని లోపలున్నది. పడవ పైకప్పు, అంటే మనం నడిచే డెక్, చాలా వాటిలో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా అనే తేలికైన చెక్క పెట్టి చేస్తారు. బోల్టులు బిగించిన చోట సీల్ పాడైతే వాన నీరు లోపలికి దిగుతుంది. చెక్క నానిపోతుంది. పైకి మాత్రం తెల్లగా, మెరుస్తూ ఉంటుంది.

మాకు నచ్చిన మొదటి పడవ 38 అడుగులది. ఫొటోలు సినిమా సెట్‌లా ఉన్నాయి. నీలం కుషన్లు, ఇత్తడి దీపాలు. నాన్న అప్పటికే దాని మీద కాఫీ తాగుతున్నట్టు ఊహించేసుకున్నారు. ధర ఒప్పుకుని, కొంత అడ్వాన్స్ ఇచ్చి, 'సర్వేయర్ తనిఖీ, నీళ్లలో ట్రయల్ అయ్యాకే ఖరారు' అని కాగితం రాసుకున్నాం. ఇక్కడ అదే పద్ధతి. తనిఖీ డబ్బులు కొనేవాళ్లే పెట్టుకోవాలి.

సర్వేయర్ చిన్న ప్లాస్టిక్ సుత్తి తెచ్చాడు. డెక్ అంతా అంగుళం అంగుళం కొట్టుకుంటూ వెళ్లాడు. మట్టికుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అచ్చం అదే. గట్టిగా ఉన్నచోట 'టక్' అంటుంది. తడిసినచోట 'దబ్' అంటుంది. తెరకొయ్య చుట్టూ ఐదారు అడుగుల మేర దబ్, దబ్, దబ్. తర్వాత తేమ చూసే మీటర్ పెట్టాడు. ముల్లు చివరిదాకా వెళ్లింది.

బాగు చేయించడానికి అయ్యే ఖర్చు పడవ ధరలో సగం దాటింది. నాన్న అడ్వాన్స్ వెనక్కి తీసుకున్నారు. తనిఖీకి పోయిన డబ్బు పోయింది. కారులో వస్తూ ఆయన ఒక్కటే అన్నారు. "ఫొటోలో తడి కనపడదు."

అమ్మ పెన్ను తీసుకుంది

తర్వాత రెండు నెలలు ఇంట్లో పడవ మాట లేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం అమ్మ ఫ్రిజ్ మీదున్న తెలుగు క్యాలెండర్ తీసి టేబుల్ మీద పెట్టింది. పెన్నుతో నవంబర్ నుంచి మార్చి దాకా గీత గీసింది. "ఇది నాది, కాకినాడ." మే నుంచి అక్టోబర్ దాకా ఇంకో గీత. "ఇది మీది. నేనూ వస్తాను. ఏప్రిల్ పడవ బాగు చేసుకోవడానికి." తర్వాత నాన్న వంక చూసింది. "ఇప్పుడు చెప్పండి, దీనికి ఎంత పడవ కావాలి?"

ఆ ప్రశ్నే మొత్తం లెక్క మార్చేసింది.

మే నుంచి అక్టోబర్ అంటే బహామాస్ లేదు, మయామీ లేదు. ఉన్నది చెసపీక్ అఖాతం. అది తక్కువదేం కాదు. దాదాపు 200 మైళ్ల పొడవు, అమెరికాలో అన్నిటికన్నా పెద్ద ఉప్పుటేరు అదే. లెక్కలేనన్ని ఏర్లు, పాయలు, నీలి పీతలు పట్టే పల్లెలు. కోరంగి మడ అడవుల్ని చూసినవాళ్లకి ఆ వాసన కొత్తగా ఉండదు. సగటు లోతు 21 అడుగులే. అలాంటి నీళ్లలో పెద్ద పడవ బరువే గానీ సుఖం కాదు. అడుగున ఉండే కీల్ ఎంత లోతుకి దిగితే అన్నిచోట్ల బురదకి తగులుతుంది.

పైగా మెడికేర్ మామూలుగా అమెరికా బయట వైద్యానికి డబ్బు ఇవ్వదు. స్టెంట్ ఉన్న మనిషి బహామాస్ దీవుల మధ్య ఉండగా ఏదైనా అయితే? ఆ ప్రశ్న మా ముగ్గురి మనసులోనూ ఉంది. పైకి అడిగింది అమ్మే.

నాన్న రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మీకు నిజం చెప్పాలి, ఆయన వదులుకున్నది చిన్నదేం కాదు. బహామాస్ మ్యాపు ఆయన ఆఫీసు గోడ మీద తొమ్మిదేళ్లు ఉంది. మూడో రోజు పొద్దున్న దాన్ని తీసి మడిచి సొరుగులో పెట్టారు. చెత్తబుట్టలో వెయ్యలేదు. సొరుగులోనే పెట్టారు.

30 అడుగుల ఇల్లు

మార్చిలో కొన్నది 1987 నాటి కేటలీనా 30. ఈ రకం పడవలు 1974 నుంచి మూడు దశాబ్దాలకి పైగా తయారయ్యాయి, 6,000కి పైగా. కొత్తవాళ్లకి ఇది పెద్ద లాభం. ఏ భాగం చెడినా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఏ సందేహం వచ్చినా ఇంతకుముందే ఎవరికో వచ్చి ఉంటుంది. పొడవు 30 అడుగులకి ఒక అంగుళం తక్కువ. వెడల్పు దాదాపు 11 అడుగులు. లోపల నాన్న తల వంచకుండా నిలబడొచ్చు. రెండు పొయ్యిల స్టవ్వు, చిన్న సింకు, ఇద్దరు హాయిగా పడుకునే చోటు, ఒక బుల్లి బాత్రూమ్.

సుత్తి మళ్లీ వచ్చింది. ఈసారి టక్, టక్, టక్. ఒక్క కిటికీ మూల దగ్గర మాత్రం కొంచెం దబ్. తెరకొయ్యని పట్టి ఉంచే స్టీలు తీగలు పాతవైపోయాయని, మార్చాల్సిందేనని చెప్పాడు. పైకి బాగున్నా ఆ తీగలకి ఓ ఆయుష్షు ఉంటుంది, పది పదిహేనేళ్లకి మార్చుకోవాలి. ఆ ఖర్చు చూపించి ధర తగ్గించాం.

మా లెక్క ఇది, దాపరికం లేకుండా. పడవకి 14,000 డాలర్లు, అంటే దాదాపు 12 లక్షల రూపాయలు. తీగలకి, కొత్త గొట్టాలకి, బ్యాటరీలకి, లైఫ్ జాకెట్లకి కలిపి ఇంకో 6,500. ఏటా కట్టే చోటుకి, బీమాకి, చలికాలంలో పైకి తీసి ఒడ్డున నిలబెట్టడానికి దగ్గర దగ్గర 5,000. చూశారా, కొనడం కన్నా ఉంచుకోవడమే ఖర్చు. మూడేళ్లు తిరగకముందే పెట్టుకున్న డబ్బు పడవ ధరని దాటిపోతుంది. అమ్మకి 60 ఏళ్లే కాబట్టి మెడికేర్ వచ్చేదాకా ఆమె బీమా విడిగా కొనాలి. ముందు ఆ డబ్బు, అమ్మమ్మ ఖర్చులు పక్కన పెట్టాకే పడవకి మిగిలింది చూశాం. 38 అడుగుల పడవ కొని ఉంటే ఈ లెక్క కుదిరేది కాదు.

పేరు దగ్గర మళ్లీ చర్చ. నాన్న 'గోదావరి' అన్నారు. అమ్మ 'ఉప్పాడ' అంది. "మా వీధిని ఎలాగూ మింగేసింది. పేరైనా దాని మీద తేలనీ." వెనకాల తెలుగు అక్షరాల్లో అదే రాయించాం. మెరీనాలో అందరూ అదేం భాష అని అడుగుతారు.

దిండు పడిపోయింది

మేరీలాండ్‌లో 1972 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు పడవ నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. నాన్న 1960, అమ్మ 1965. కాబట్టి జీవితంలో ఎప్పుడూ తెరచాప ముట్టుకోని వాళ్లిద్దరికీ అక్కర్లేదు, నాకు మాత్రం పరీక్ష! అయినా ముగ్గురం కూర్చుని చదివాం. నాన్న సెయిలింగ్ స్కూల్లో కూడా చేరారు.

అమ్మ ఎక్కడానికి మూడు షరతులు పెట్టింది. ఒకటి, డెక్ మీద ఉన్నంతసేపు లైఫ్ జాకెట్ తీయకూడదు. కోస్ట్ గార్డ్ నివేదికల్లో ఏటా అదే మాట ఉంటుంది, మునిగి పోయినవాళ్లలో ఎక్కువమంది జాకెట్ వేసుకోలేదని. రెండు, వాతావరణ శాఖ చిన్న పడవలకి హెచ్చరిక ఇచ్చిన రోజు తాడు విప్పకూడదు. మూడోది విని నాన్న నవ్వారు.

"మీరు నీళ్లలో పడిపోతే పడవని వెనక్కి తిప్పి మిమ్మల్ని తెచ్చుకోవడం నాకు రావాలి. అది వచ్చేదాకా రేవు దాటను."

నవ్వారు గానీ వెంటనే ఆపేశారు. నిజమే కదా. పడవలో ఇద్దరే ఉంటారు. ఒకరికి స్టెంట్. నడపడం వచ్చింది ఆ ఒక్కరికే. అంటే అసలైన ప్రమాదం అలల్లో లేదు, అక్కడే ఉంది.

అమ్మ ఏప్రిల్‌లో ఈత క్లాసుకి వెళ్లింది, 60 ఏళ్ల వయసులో, చిన్నపిల్లల పక్క లేన్‌లో. మే నెలలో గాలి తక్కువున్న ఒక పొద్దున్న నాన్న పసుప్పచ్చ దిండు ఒకటి నీళ్లలోకి విసిరి, "నేను పడిపోయాను" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేనూ మాట్లాడకూడదు.

మొదటిసారి అమ్మ తిప్పేసరికి దిండు ఎక్కడుందో కనపడలేదు. రెండోసారి వేగంగా వెళ్లి దాన్ని దాటిపోయింది. మూడోసారి పడవ కింద పెట్టేసింది. "చచ్చారు" అంది తనే. నాన్న ముఖంలో రంగు మారింది. నాలుగోసారి నన్ను దిండు వైపే వేలు చూపిస్తూ ఉండమంది. ఇంజన్ స్టార్ట్ చేసి, దూరంగా చుట్టు తిప్పి, గాలికి ఎదురుగా వచ్చి వేగం తగ్గించింది. పడవ దిండు పక్కనే దాదాపు ఆగిపోయింది. కొక్కెం కర్రతో పైకి లాగింది. తర్వాత ఇద్దరే ఉన్నప్పుడు కూడా చెయ్యాలి కదా అని, నన్ను లోపల కూర్చోమని మరో రెండుసార్లు చేసింది.

నాన్న అంతకుముందు ఆమెని 'భయపడుతోంది' అనేవారు. ఆ రోజు నుంచి ఆ మాట అనడం మానేశారు. రేడియోలో 16వ ఛానల్ పట్టుకుని 'మేడే' అని మూడుసార్లు ఎలా చెప్పాలో, మనం ఉన్న చోటు ఎలా చదివి చెప్పాలో ఇప్పుడు నాన్నకన్నా అమ్మకే బాగా వచ్చు.

ఈ మధ్యలో ఆమెకి నేను తారిణి సంగతి చూపించాను. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు అమ్మాయిలు 55 అడుగుల తెరచాప పడవలో 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. వాళ్లలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాద్. అమ్మ వీడియో అంతా చూసి, "వాళ్లమ్మలు ఎలా ఉన్నారో ఆ 254 రోజులు" అంది. అంతే.

ఒడ్డున నిలబడ్డ ఉప్పాడ

ఆ వేసవిలో వాళ్లిద్దరూ మొత్తం 71 రాత్రులు పడవ మీద పడుకున్నారు. లాగ్‌బుక్‌లో అమ్మ చేతిరాత ఉంది. రెండుసార్లు బురదలో ఇరుక్కున్నారు, పోటు వచ్చేదాకా కూర్చుని పులిహోర తిన్నారు. ఒక రాత్రి ఉరుములు, మెరుపులు, లంగరు నిలుస్తుందో లేదో అని తెల్లవార్లూ ఒకరి తర్వాత ఒకరు కాపలా. పొద్దున్నే నాకు అమ్మ ఫోన్. "మీ నాన్న నిద్రపోతున్నారు. నేనే మేలుకున్నా. తెల్లారింది, అంతా బాగుంది."

అక్టోబర్ చివర్లో పడవని క్రేన్‌తో పైకి తీసి స్టాండ్ల మీద నిలబెట్టారు. ఇంజన్‌లో నీళ్లు గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ పోశారు. నవంబర్ మొదటి వారంలో కాకినాడ విమానం.

ఇప్పుడు నాన్న రోజూ సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తున్నారు. వీడియో కాల్‌లో నాకు చూపిస్తారు. చాలాచోట్ల గుర్రపు డెక్క కమ్మేసింది, పడవ ఊసే లేదు. అమ్మమ్మ పక్కన కూర్చుని ఫొటోలు చూస్తుంది. మొన్న నాన్నని అడిగిందట, "అల్లుడుగారూ, దానికి సరంగు ఎవరు?" అని. నాన్న అమ్మని చూపించారట.

మీ ఇంట్లో కూడా రిటైర్మెంట్ దగ్గరపడినవాళ్లు ఉంటే, కల ఏంటని ఇద్దర్నీ కలిపి అడగకండి. విడివిడిగా అడగండి. ఒకరి కల గోడ మీద మ్యాపులా కనిపిస్తుంది, ఇంకొకరిది కనపడదు. రెండూ వినేశాక ఒక క్యాలెండర్, ఒక పెన్ను ఇవ్వండి. పడవ ఎంతది కావాలో, అసలు పడవే కావాలో ఇంకేదైనా కావాలో, వాళ్లే తేల్చుకుంటారు.

బహామాస్ మ్యాపు ఇంకా సొరుగులోనే ఉంది. మార్చిలో వాళ్లు తిరిగొస్తారు. కిటికీ మూల తడి బాగు చెయ్యాలి, అడుగున కొత్త రంగు వెయ్యాలి. సామాన్ల లిస్టు అమ్మ అప్పుడే వాట్సాప్‌లో పంపేసింది. అందులో ఏడో నంబరు: పసుప్పచ్చ దిండు, ఇంకోటి.